కొన ఉంగరం

పోయిన ఆదివారం బీచుపల్లి దగ్గర కృష్ణ ఒడ్డున, నాకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడితో కొట్లాటకు దిగబోయి ఆగిపోయాను. అతను చేసిందేమిటంటే, గాలాన్ని తెచ్చి తన కర్ర మీది ఉంగరానికి తగిలించి, టిఫిన్ డబ్బా విప్పుకుని తీరిగ్గా కూర్చోవడం. చేపలు పట్టేవాళ్లు చాలామంది చేసే పనే అది. కర్ర పొడుగునా దారం పోవడానికి వరసగా ఉంగరాలుంటాయి కదా, దుకాణాల వాళ్లు గైడ్లంటారు, వాటిలో ఒకదానికి గాలం కొక్కెం తగిలిస్తే అటూ ఇటూ ఊగకుండా ఉంటుంది. అది చూస్తే నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. అసలే నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా ఇంట్లో పేరు.

"ఏం తమ్మీ, ఆ ఉంగరం నీకేం పాపం చేసింది?" అనుకుంటూ దగ్గరికి పోయాను. పోయి ఆ ఉంగరం మీదికి వంగి చూశాను. ఉంగరం కాళ్లను కర్రకు బిగించిన కట్టు ఆవపువ్వు రంగు పట్టుదారంతో ఉంది. చుట్టు పక్కనే చుట్టు, మధ్యలో వెంట్రుక దూరే సందు లేదు. చివర ఒకే ఒక్క చుట్టు జరీ.

అట్లా ఒక్క చుట్టు జరీ వేసి ముగించే మనిషి నాకు తెలిసి ఒకరే. ఆమె పోయి రెండేళ్లు.

"యాడ కొన్నవ్ దీన్ని?" అన్నాను.

"వనపర్తిల ఒకాయన తాన తీసుకున్న. పాతదే. మాది నాగర్‌కర్నూల్ దిక్కు. ఎందుకన్నా, దొంగమాలు గిట్లనా?"

"గదేం లేదు. జర చేతికియ్యి" అన్నాను. చేతిలోకి తీసుకున్నాక ఏడుపు ముంచుకొచ్చింది. ఒడ్డున పదిమంది ఉన్నారని ఆపుకున్నాను.

ఆమె గద్వాలలో మగ్గాల వీధిలో ఉండేది. పేరు రాయను. పేరు పెట్టి అడుగుతూ ఎవరైనా వస్తే, అప్పు వసూలుకు బ్యాంకు నుంచి వచ్చిన మనిషే అని ఆమెకు అనిపించేది. "పేరు కాయితాలల్ల ఉంటది తియ్యి, పెద్దమ్మ అను చాలు" అనేది. గాలం కర్రల వాళ్లందరం మాలో మేము ఉంగరాలామె అనుకునేవాళ్లం. ఆమె వేలికి మాత్రం ఒక్క ఉంగరం ఉండేది కాదు. దారం పని చేసే చేతికి ఉంగరముంటే పోగు తట్టుకుంటుందట. పెళ్లినాటి ఉంగరాన్ని కూడా కొంగు చివర ముడివేసుకుని తిరిగేది. పుట్టిల్లు రాయచూరు దిక్కు కాబట్టి, ఏదైనా కొత్త మాట వింటే "అవునా" అనకుండా "హౌదా" అనేది. ఆ మాట అన్నదంటే మనం చెప్పింది చెవిన పడిందని అర్థం. అనలేదంటే మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాల్సిందే.

వాళ్లింట్లో నీసు తినరు. చేప వాసన గడప దాటనివ్వరు. అలాంటి ఇంటికి నేను ఏటి నుంచి నేరుగా గాలం కర్ర భుజాన వేసుకుని పోవడం నా తప్పే. అప్పట్లో నేను బస్సు డ్రైవర్ని. గద్వాల నుంచి వనపర్తి మీదుగా నాగర్‌కర్నూల్, మళ్లీ వెనక్కి. సెలవు దొరికితే కృష్ణ ఒడ్డుకే. ఆ రోజు నా భార్య పట్టుచీర అంచు దగ్గర పోగు లేచిందని, బాగు చేయించుకు రమ్మని సంచిలో పెట్టి ఇచ్చింది. నేను ముందు ఏటికి పోయాను. మూడుసార్లు దారం తెగింది. మూడోసారి తెంపుకుపోయింది మంచి బొచ్చె చేప. ఆ మంటతోనే ఆమె ఇంటికి పోయి, చీర చేతిలో పెట్టి, దారం అమ్మినవాణ్ని, దాన్ని తయారు చేసినవాణ్ని, చేపలను వరసబెట్టి తిడుతూ అరుగు మీద కూర్చున్నాను.

ఆమె చీర పక్కన పెట్టింది. "తెగిన కొస ఉన్నదా?" అంది.

"ఏం కొస?"

"దారం కొస. ఎట్ల తెగిందో అది చెప్తది."

రీలు నుంచి వేలాడుతున్న నైలాను దారాన్ని ఇచ్చాను. మగ్గం పైన డిజైను ఎత్తే జకార్డు పెట్టెకు కట్టేది నైలాను దారమే కాబట్టి ఆమెకు అది కొత్తేమీ కాదు. బొటనవేలికి, చూపుడువేలికి మధ్య పెట్టి, చీమ నడిచినంత మెల్లగా లాగింది. కళ్లు మాత్రం ఎటో వీధి వైపు చూస్తున్నాయి.

"గుంజితె తెగిన కొస పంది తోక లెక్క మెలి తిరుగుతది. పండ్లతోని కొరికితె సాఫ్‌గ ఉంటది. ఇది అరిగి తెగింది బిడ్డా. జానెడు పొడుగు గరుకున్నది. దారం మంచిదే, చేప గూడ మంచిదే. అది పోయే తొవ్వలనే ఏదో కోస్తుంది." కొంచెం ఆగి, "ఆడ రానోడు మద్దెల ఓటిది అన్నడంట" అని కూడా అంది. నన్నే అన్నది. మా అమ్మ తర్వాత నన్ను మొహం మీద అట్లా అన్నది ఆమె ఒక్కతే. నాకెందుకో కోపం రాలేదు.

కర్రను బయటి కుళాయి దగ్గర చింతపండు రసంతో కడిగించింది. రెండుసార్లు కడిగాక గోడకు ఆనించమంది. తర్వాత మెలి వేయని పట్టుపోగు ఒకటి తీసి, వెంట్రుకల్లా విడదీసి, ఒక్కో ఉంగరంలోంచి పోనిచ్చి లాగింది. మొదటిది దాటింది. రెండోదాంట్లో ఒక సన్నటి వెంట్రుక ఆగిపోయి, ఉంగరానికి వేలాడింది.

"ఇడ" అంది.

నేను కళ్లు చించుకుని చూసినా ఏమీ కనపడలేదు. ఎండకేసి అటూ ఇటూ తిప్పితే, ఉంగరం లోపలి పింగాణీకి అడ్డంగా గీత. మగ్గంలో పేకదారాన్ని అటూ ఇటూ మోసుకుపోయే నాడెకు కూడా ఇట్లాగే చిన్న పింగాణీ కన్ను ఉంటుందట. "కన్ను పగిలిందంటె దారం తెగుతనే ఉంటది. తెలివిలేనోడు దారం మారుస్తడు, తెలిసినోడు కన్ను మారుస్తడు" అని, "గాలం దేనికి తగిలిస్తవ్?" అని అడిగింది.

"ఉంగరానికే."

ఆమె నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "బస్సుల పెట్టుకొని వస్తవ్ గద. తొవ్వ పొడుగునా బస్సు ఎగిరినప్పుడల్ల ఆ ఇనుప కొక్కెం పింగాణిని పొడుచుకుంట వస్తది. నీ దారాన్ని నువ్వే కోసుకుంటున్నవ్." ఆ రోజు నుంచి నేను గాలాన్ని పిడికి ఉండే బెండుకు గుచ్చుతున్నాను. ఎవరైనా ఉంగరానికి తగిలిస్తే కొట్లాటకు పోతున్నాను.

కొత్త ఉంగరం తెమ్మంది. బంగారంలా మెరిసేదాన్ని తెచ్చాను. సూదితో లోపల గీకింది, మెరుగు లేచొచ్చింది. "జరీ గూడ మెరుస్తది. గీకి చూడందే ఎట్ల కొంటవ్?" అని వెనక్కి పంపింది. రెండోసారి తెచ్చినదాని కాళ్లు ఎత్తు తక్కువ, దారం కర్రకు రాసుకుంటుందంది. అప్పటికే దుకాణమాయనకు నేనంటే చిరాకు, నాకు ఆమె అంటే చిరాకు. మూడోసారి తెచ్చిన నల్లటిదాన్ని వేలితో లోపలంతా తడిమి, పట్టుపోగు నాలుగువైపులా లాగి, "ఇది నడుస్తది" అంది. అది పదకొండేళ్లు నడిచింది.

కట్టు మాత్రం ఆమె మొదటిసారి చెడగొట్టింది. ఈ సంగతి ఆమే అందరికీ చెప్పుకుని నవ్వేది కాబట్టి నేను రాస్తే తప్పులేదు. వాళ్లింట్లో ఏ పోగూ గంజి తాగకుండా పనికి పోదు. పుట్టినప్పటి నుంచి చూసిన పని. ఉంగరం కట్టే పట్టుదారానికి కూడా ఆమె గంజి పట్టించి, ఎండబెట్టి, గట్టిగా చుట్టింది. రాయిలా బిగిసింది. నేను మురిసిపోయి ఏటికి తీసుకుపోయాను. గంట నీళ్లు తగిలేసరికి గంజి కరిగి, కట్టు వదులై, ఉంగరం పక్కకు తిరిగింది. దారం ఉంగరం కాలికి రాసుకుని తెగింది. నేను కర్ర తీసుకుని ఉరుముకుంటూ పోతే, చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. "చీర ఏట్ల ఈత కొట్టదు గద బిడ్డా, నాకెట్ల తెల్వాలె?" అంది. అప్పటి నుంచి గంజి లేకుండా చుట్టి, పైన మనవరాలి గోళ్లరంగు, రంగులేనిది, రెండు పూతలు పూసేది. చివర ఒక చుట్టు జరీ ఎందుకని అడిగితే, "పని అయిపోయిందని నాకు తెల్వనీకి" అంది.

నేను పోయి ఇద్దరికి చెప్పాను, వాళ్లు నలుగురికి చెప్పారు. బీచుపల్లి దగ్గర, అమరచింత దిక్కు, ఎక్కడెక్కడో చేపలు పట్టేవాళ్ల కర్రలు ఆ అరుగు మీదికి వచ్చేవి. అందరికీ ఒకటే పాఠం. ఏటి నుంచి రాగానే మంచినీళ్లతో ఉంగరాలు కడుగు, ఇసుక రేణువు ఉండిపోతే ఆకురాయిలా పనిచేస్తుంది. పాత పంచె గుడ్డతో తుడువు, నూనె పెట్టకు, దుమ్ము పట్టుకుంటుంది. కట్టు మీద ప్రేమ పెట్టుకోకు. ఆఖరిది ఎప్పుడూ గట్టిగానే అనేది. "ఉంగరం పాడైందంటె నా కట్టు కోసి అవతల పడెయ్యి. మంచిగున్నదని దాసిపెట్టుకున్నవనుకో, నీ దారం తెగుతది, నాకు చెడ్డపేరొస్తది."

కూలి ఏమిస్తే తీసుకుంటావంటే, "చేప ఎట్లుండె, చెప్పు" అనేది. అదే ఆమె కూలి. ఫోనులో ఫోటో చూపించబోతే మొహం తిప్పుకునేది. చూడదు, వింటుంది. ఒకసారి కొర్రమట్టను పట్టి, ఆమె కోసమే బాగా చూసుకుని వచ్చి చెప్పాను. "వీపు నల్లగ ఉంటది పెద్దమ్మా. కడుపు తెల్లగ. ఆ తెలుపుల నుంచి చారలు పైకి పోతయి, పోయి నలుపుల కలుస్తయి."

"హౌదా. చార కింద వెడల్పా, పైన వెడల్పా?"

"కింద వెడల్పు. పైకి పోంగ పోంగ మొన."

ఆమె వేలితో అరుగు మీద గీసుకుంది. నాలుగు నెలల తర్వాత వాళ్ల మగ్గం మీద ఒక చీర చూశాను. నల్లటి అంచు, దానిలోకి కింది నుంచి దూసుకుపోయే తెల్లటి మొనలు. కొన్నవాళ్లు గుడిగోపురాల అంచు అనుకుని కొనుక్కుపోయారు. నీసు తినని ఇంట్లో కొర్రమట్ట అంచు నేశారని ఆమెకు, నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఆమె కొడుక్కి ఇప్పటికీ తెలియదు, ఇది చదివితే తెలుస్తుంది.

ఇంక నేను చెప్పదలుచుకున్న అసలు సంగతి.

ఒక వానాకాలం, ఏటికి కొత్తనీరు వచ్చాక, బీచుపల్లి దగ్గర నాకు పెద్ద వాలుగ పడింది. చెయ్యంత మందం, మనిషి నడుమంత పొడుగు. చాలాసేపు పోరాడాను. ఒడ్డుకు రెండు బారల దూరంలో దారం తెగింది. కర్ర చూసుకుంటే మూడో ఉంగరం పగిలి ఉంది. నాలుగు రోజుల ముందే ఆ కర్రను ఆమె పరీక్ష చేసి "అన్ని మంచిగున్నయి" అని ఇచ్చింది. పింగాణీ మీద ఆ గీత పాతదే, మురికి కూడా పట్టి ఉంది. అంటే ఆమె వేలి కింద నుంచే దాటిపోయింది. నాకు కళ్లు కనపడలేదు. కర్ర కడగకుండానే, వాలుగ జిగురు అట్లాగే ఉండగా, తిట్టడానికే పోయాను.

ఆమె లోపల ఉంది. కోడలు వీధిలో ఎదురొచ్చింది. నా మొహం చూసి అర్థం చేసుకున్నట్టుంది, పక్కకు పిలిచింది.

"అన్నా, అత్తమ్మ వేళ్లు మొద్దుబారినయి. షుగరు. దవాఖానల గూడ చూపిచ్చినం. మొన్న వేడి గిలాస పట్టుకొని బొబ్బలొచ్చినా తెల్వలే. పోయిన నెల ఒక చీరల జరీ పోగు తెగింది, జానెడు దాంక ఆమెకు దొర్కలే. చీర వాపసొచ్చింది. మా ఆయన మగ్గం తాన కూసోవద్దన్నడు. రెండు దినాలు బువ్వ తినలే." ఆమె గొంతు తగ్గించింది. "గీ కర్రలే మిగిలినయన్నా. మీరు గూడ తప్పు పట్టిండ్రనుకో, ఇంగ ఆ చేతులకు పని లేదు."

నేను అక్కడే నిలబడిపోయాను. కోపం ఎటు పోయిందో తెలియదు. ఎన్నో ఏళ్లుగా వస్తూ పోతూ ఉన్నాను, ఆమె వేళ్ల సంగతి గమనించలేదు, నా దారం సంగతే చూసుకున్నాను. సిగ్గేసింది.

గోడ చాటుకు పోయి, అరిగిన దారం ముక్కను కత్తిరించి పారేశాను. రీలులోంచి మంచి దారం లాగి, చేతికి రెండు చుట్లు చుట్టుకుని, బలమంతా పెట్టి గుంజి తెంపాను. కొస పంది తోకలా మెలి తిరిగింది. ఆమె నేర్పిన విద్యే. లోపలికి పోయి, "పెద్దమ్మా, ఏం చేప అది, గుంజిన గుంజుడుకు దారమే తెగింది. ఉంగరాలు మంచిగనే ఉన్నయి" అన్నాను.

"హౌదా" అనలేదు. "కొస ఇయ్యి" అంది.

ఇచ్చాను. వేళ్ల మధ్య లాగింది. మళ్లీ లాగింది. ఆమె వేళ్లకు ఏమీ తెలియడం లేదని నాకు కనపడుతూనే ఉంది. కొద్దిసేపటి తర్వాత, "చెయ్యి చూపియ్యి" అంది.

"నా చెయ్యెందుకు?"

"చూపియ్యి."

అరచెయ్యి చాపాను. నైలాను దారం కోసిన రెండు ఎర్రటి వాతలు. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. ఆమె నా చెయ్యి పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూసింది.

"నా వేళ్లు సచ్చినయని నీకెవరు చెప్పిండ్రు?"

నేను చెయ్యి వెనక్కి లాక్కోబోయాను, వదల్లేదు.

"దారం తెగితె అతుకేసుకుంటం. యాబై ఏండ్ల నుంచి గదే పని నాకు. తెగిన జాగ దాసిపెడితె యాడ అతకాలె బిడ్డా?" నా చెయ్యి వదిలేసింది. "నా కొడుకు మగ్గం మీదికెళ్లి లేపిండు, లేపినా నిజం చెప్పి లేపిండు. నువ్వు గిట్ల చేస్తివి."

నాకు తల కొట్టేసినట్టయింది. "తప్పయింది పెద్దమ్మా" అన్నాను.

"ఏ ఉంగరం?"

"మూడోది."

"కర్ర తే."

కర్ర బయట ఉంది, కడగలేదు, ఆగు కడిగి తెస్తానన్నాను. "ఉండనీ" అంది. తానే లేచి బయటికి వచ్చింది. పట్టుపోగు తీసి మొదటి ఉంగరంలోంచి పోనిచ్చింది. ఒక కొస ఎడమచేతిలో పట్టుకుని, రెండో కొసను పెదవుల మధ్య పెట్టుకుంది. మగ్గం పనివాళ్లు పోగు ముడివేసేటప్పుడు కొస తడపడానికి నోట్లో పెట్టుకుంటారు, అట్లాగే. మెల్లగా లాగింది. వాలుగ జిగురు అంటుకున్న ఉంగరంలోంచి వచ్చిన పోగు, నీసు ఎరగని ఆ పెదవుల మధ్య నుంచి పోతోంది. గడపలో నిలబడ్డ కోడలు "అత్తమ్మా, నీసు" అని మాత్రం అనగలిగింది.

మొదటిది దాటింది. రెండోది దాటింది. మూడోదాని దగ్గర ఆమె పై పెదవి ఒక్కసారి అదిరింది. ఆగి, వెనక్కి లాగి, మళ్లీ పోనిచ్చింది. మళ్లీ అదిరింది.

"దొరికింది" అంది. అంత సంతోషం నేను ఆమె మొహంలో అంతకుముందు చూడలేదు. తర్వాత కోడలి వైపు తిరిగి, "మూతి కడుక్కుంట తియ్యి, ఏం పరేషాన్ కాకు" అంది.

ఆ తర్వాత మూడేళ్లు ఆమె పెదవులతోనే ఉంగరాలు చూసింది. ఒక్కో కర్ర అయ్యాక చెంబెడు నీళ్లతో పుక్కిలించి, మళ్లీ కూర్చునేది. ఎన్నడూ గురి తప్పలేదు. కొత్తగా వచ్చినవాళ్లు ముసలామె చేష్టలకు నవ్వితే నేను ఊరుకునేవాణ్ని కాదు. కొన్ని రోజులకు ఆమె కొడుకు, మొండిమనిషే, మగ్గం మీది నాడెలు నాలుగు తెచ్చి తల్లి ముందు పెట్టాడు, కన్నులు చూడమని. ఆమె ఒక్కోదాంట్లోంచి పోగు లాగి చూసి ఇచ్చింది. ఒకటి పక్కన పెట్టింది. అతను దాన్ని తీసుకుపోయి కన్ను మార్పించాడు.

చివరిసారి చూసినప్పుడు మగ్గం గదిలోనే మంచం వేశారు. దవాఖాన వాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. చుట్టాలు వచ్చి కూర్చుని, అంతా బాగుంది, లేచి తిరుగుతావు, మగ్గం నేస్తావు అని చెప్తున్నారు. ఆమె కళ్లు మూసుకుని ఉంది. నా గొంతు విని తెరిచింది.

"తెగిందా మల్ల?" అంది.

అంతకుముందు రోజే తెగింది. ఆమె కట్టిన కర్రే. తెగిన కొస అలవాటుగా చొక్కా జేబులో ఉంది. కోడలు నాకు కళ్లతో సైగ చేసింది, వద్దని. ఒక్క క్షణం ఆలోచించాను. నా అరచేతి వాతలు గుర్తొచ్చాయి.

"తెగింది పెద్దమ్మా. నాలుగో ఉంగరం పగిలినట్టున్నది."

"హౌదా" అంది. ఆ గదిలో ఆ పూట ఆమె వింటున్నట్టు అన్న మొదటి మాట అదేనని కోడలు తర్వాత చెప్పింది. "కొస తే."

ఆమె చెయ్యి లేవలేదు. నేనే కొసను ఆమె పెదవుల మధ్య పెట్టి మెల్లగా లాగాను. ఎండిపోయిన పెదవులు. రెండుసార్లు లాగమంది.

"పగులు గాదు. పగులైతె పోగులు లేస్తయి. ఇది ఒక దిక్కే నున్నగ అరిగింది. గాడి పడ్డది. కొన ఉంగరం చూడు." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "నాలుగోదాని కట్టు ఊకెనే ఇప్పకు. చూసి, వచ్చి చెప్పు."

"రేపొస్త పెద్దమ్మా" అన్నాను.

ఇంటికి పోయి చూశాను. నాలుగోది చెక్కుచెదరలేదు. కర్ర చిట్టచివరి కొన ఉంగరంలో, గోటితో గీసినంత సన్నటి గాడి. ఏళ్ల తరబడి దారం ఒక్కచోటే రాసుకుని పడింది. తెల్లారి నాకు నాగర్‌కర్నూల్ డ్యూటీ. సాయంత్రం పోయి చెప్పొచ్చు, నవ్వుతుంది అనుకున్నాను. వనపర్తి బస్టాండులో బస్సు ఆగినప్పుడు కోడలి ఫోను వచ్చింది. మిగిలిన దారి మొత్తం బస్సు ఎట్లా నడిపానో నాకు తెలియదు. పోయేసరికి వీధి నిండా జనం. ఆమె చెప్పిందే నిజమని ఆమెకు చెప్పలేకపోయాను.

ఆ నాగర్‌కర్నూల్ అబ్బాయి కర్ర నా చేతిలోనే ఉంది. "జర చూడనా దీన్ని?" అంటే చూడమన్నాడు. సంచిలో ఎప్పుడూ ఉంచుకునే పట్టుపోగు తీశాను. నావి ముప్పై ఏళ్లు స్టీరింగ్ పట్టిన వేళ్లు, వాటికి ఏమీ తెలియదు. కొసను పెదవుల మధ్య పెట్టుకున్నాను. అతను విచిత్రంగా చూశాడు. ఒక్కో ఉంగరం దాటింది. అతను గాలం తగిలించినదానికి కూడా ఇంకా ఏమీ కాలేదు. చివరిదాని దగ్గర పోగు ఆగలేదు గానీ, ఒక పక్కకు జారి గాడిలో పడినట్టు పెదవికి తెలిసింది.

"కొన ఉంగరం మార్చాలె తమ్మీ. ఆ కట్టు కోసెయ్యి."

"ఎంత మంచిగ కట్టిండ్రన్నా. కోయబుద్ధి అయితలేదు."

"కోయి. ఆమె ఉంటే నీ చేతిలకెళ్లి గుంజుకొని కోసేది."

అతను చాకు నా చేతికే ఇచ్చాడు. జరీ చుట్టు ముందు తెగింది, తర్వాత పట్టు వదులైంది. దారమంతా నా చేతిలోకి వచ్చింది, ఎండిన గోళ్లరంగు పెచ్చులు ఇంకా అంటుకుని ఉన్నాయి. పక్కన అతను ఉన్నాడని కూడా చూసుకోలేదు, నీళ్ల వైపు తిరిగి చెప్పేశాను.

"నువ్వన్నదే పెద్దమ్మా. కొన ఉంగరమే."

"ఎవరితోని అన్నా?" అన్నాడు అతను.

"దీన్ని కట్టినామెతోని" అన్నాను. "వచ్చి చెప్పమన్నది. రెండేండ్లు లేటయింది."

అతను కర్ర వైపు, నా వైపు చూసి, "హౌదా" అన్నాడు. నాగర్‌కర్నూల్ మనిషి నోటికి ఆ మాట ఎట్లా వచ్చిందని అడిగితే, వాళ్లమ్మది కూడా రాయచూరు దిక్కేనట.